తేరుకునేదాక

ఎనుమాముల మార్కెట్ల
పత్తి బోరెంల చెయ్యి పెట్టి
పిడికెడు తీసి
వెలుగుకు పట్టి చూసుడే నా కొలువు.
ఇరవై ఆరేండ్లు.
ఆకుముక్క, కాయపెచ్చు, పురుగు తిన్న గుడ్డిగింజ
ఎంత దాగినా దొరికేది.
సేటు నా కంటిని నమ్మే
జెండా పాట కట్టేటోడు.

మొన్న కార్తీకంల
తెల్లటి పత్తి మీద ఓ నల్లపోగు కదిలింది.
గిల్లి తీద్దామని పోతే
వేలికి ఏం తగల్లే.
కన్ను పక్కకు తిప్పితే అదీ పక్కకే జరిగింది,
వెనకనే వచ్చే అప్పులోడి లెక్క.
ఒక్కటి గాదు. మూడు చుక్కలు, ఓ కొక్కెం,
సగం తెగిన దారం.

ఆ దినం
నర్సంపేట దిక్కు తండా నుంచి వచ్చిన
బానోతు ఈర్యా పత్తికి
"చెత్త ఉన్నది" అని
క్వింటాలుకు మూడు వందలు తగ్గించిన.
ఆయన పిడికెడు పత్తి నా ముక్కు కిందికి తెచ్చి
"ఏడున్నది సారూ, నాకైతే కానొస్తలేదు" అన్నడు.
చూపించలేకపోయిన.
కాంటా మీద అంకె ఆగింది.
ఆయన ఆగలే. రసీదు మలిచి
తలరుమాలు కొసకు ముడేసుకొని పోయిండు.

కండ్ల దవాఖానల డాక్టరమ్మ
చుక్కలు వేసి, లైటు కొట్టి చూసింది.
"కంటిలోపలి జిగురు ముదిరింది, దాని నీడలే ఇవి.
వయసు. అలవాటు చేసుకో.
మెరుపులు మెరిస్తే, పరదా పడ్డట్టైతే మాత్రం
ఉరికి రా" అన్నది.
మందు రాయని చీటీ ఎంత బరువుంటదో
మెట్లు దిగుతుంటే తెలిసింది.

కాంటా గౌస్ బిడ్డ షాహీన్
చైనాల డాక్టరు సదువుతుంది.
సెలవులకొస్తూ తెచ్చిన పొట్లం నా చేతుల పెట్టింది.
ఎండిన పూలు, ఎర్రటి పండ్లు
(చపాట మిర్చికి మనుమలు పుడితే అంతుంటయి),
పేరు తెలియని ఓ గింజ, నల్లటి వేరు ముక్కలు.
"అక్కడి ముసలోళ్లు కండ్లకు తాగుతరు చిచ్చా.
తగ్గుతదని నేనైతే చెప్ప,
కాలేజీల ఇది నా సబ్జెక్టు గాదు" అని నవ్వింది.
పొట్లం మీది అక్షరాలు
నా కంట్ల తేలేటివాటికి సుట్టాలోలె ఉన్నయి.

కళావతి పూలు అరచేతిల పోసుకొని వాసన చూసి
"గిది చేమంతే గదా!
మొన్ననే బతుకమ్మ నెత్తిన పెట్టి నీళ్లల్ల ఇడిచినం.
గంత దూరంకెల్లి మోసుకొచ్చుడెందుకు" అన్నది.
అనుకుంటనే పొయ్యి మీద గిన్నె పెట్టింది.

నలభై దినాలు.
పొద్దుగాల ఓ గిలాస, పండుకునే ముందు ఓ గిలాస.
మొదలు చేదు, ఆనక మట్టి వాసన,
అడుగున ఎక్కడో పండు తీపి.
గుక్కగుక్కకు గోడకేసి చూసేటోన్ని.
ఓనాడు కొక్కెం కనవడలే.
"పోయిందే!" అని వాడకంత ఇనవడేటట్టు అరిచిన.
తెల్లారి పల్లెంల అన్నం మీద
నింపాదిగ తేలింది.

మందు పనిచేసిందా అంటే ఏం చెప్పాలె?
కషాయం దించంగనే తాగరాదని మాత్రం తెలిసింది.
పువ్వురెక్క, వేరుపొడి
సుడి తిరిగి తిరిగి అడుగున కూసోవాలె.
తేరుకునేదాక ఊకోవాలె.
గిలాస కదిపితే మళ్లీ మొదటికే.

ఇప్పుడు పిడికెడు పత్తి తీసినంక
ముందుగాల షెడ్డు రేకుల దిక్కు చూస్త.
నలుసులు ఊగి ఊగి కిందికి జారుతయి.
అప్పుడు పత్తిని కదుపుత.
పత్తితోని కదిలేది పత్తిది.
కన్నుతోని కదిలేది నాది.
సేటు "ఏందయ్యా ఆలస్యం" అని గులుగుతడు.

ఈర్యా మళ్లొచ్చిండు, రెండో ఏరుడు పత్తితోని.
నేను మీదికి చూస్తుంటే
"ఎవలికి మొక్కుతున్నవు సారూ?" అన్నడు.
"ఆగు. నా చెత్త కిందికి దిగనీ."
ఆయనకు సమజు గాలే.
తెల్లగున్నది పత్తి. తెల్లగున్నదనే చెప్పిన.

అప్పటి ముచ్చట నాలుక కొసదాక వచ్చి
అక్కడ్నే నిలవడ్డది.
క్వింటాలుకు మూడు వందలు, ఏడు క్వింటాళ్లు.
రెండువేల నూరు.
కన్ను ఎటు తిప్పితే అటు వస్తది.