తలుపు తెరిచిన వేళ

రీగాలో, నది గడ్డకట్టిన ఫిబ్రవరిలో,
మూడో అంతస్తు కిటికీ పక్కన కూర్చుని
లేదు, కాదు, కుదరదు అని రాయడం నా ఉద్యోగం.
కాస్త మర్యాదగా రాయాలి, అంతే.
"అసాధారణ పరిస్థితులు" అన్న మాట
ఒక్క మీట నొక్కితే వచ్చి పడుతుంది.
పిట్ట తగిలినా అదే, మంచు కురిసినా అదే,
పైలట్‌కి నిద్ర చాలకపోయినా అదే.

పియానోలకు శ్రుతి చేసే ముసలాయన, పేరు తాలివాల్దిస్,
వియన్నా విమానం ఆలస్యానికి
రెండొందల యాభై యూరోలు అడిగాడు.
మూడు గంటలు నిండితేనే డబ్బు.
చక్రాలు నేలకి తాకేసరికి మా లెక్కలో
రెండు గంటల యాభై నాలుగు నిమిషాలు.
"చింతిస్తున్నాము" అని పంపేశాను.
చింతించలేదు. టీ తాగాను.

మళ్లీ రాశాడు, ఈసారి కాగితం మీద, నీలం సిరాతో:
చక్రాలు కాదమ్మా, చట్టం చూసేది తలుపుని.
తలుపు తెరుచుకుంటేనే మనిషి చేరినట్టు.
సాక్ష్యంగా ఒక రికార్డింగు పంపాడు.
ఎక్కడికెళ్లినా చప్పుళ్లు పట్టుకోవడం ఆయనకి అలవాటట.

మధ్యాహ్నం రొట్టె నములుతూ విన్నాను.
ఇంజిను రొద. ఎవరిదో తుమ్ము.
బిస్కెట్ పొట్లం చిరిగిన శబ్దం.
చక్రాలు తాకిన కుదుపు, బెల్టుల టకటకలు.
"వచ్చేశామా?" అని ఒక పిల్ల.
"ఆఁ, వచ్చేశాం" అని తల్లి.
"మరి దిగమేం?"
దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.
మెట్ల బండి ఇంకా రాలేదట.
ఎనిమిది నిమిషాలు అందరితో పాటు
నేనూ నిలబడ్డాను, తల వంచుకుని, పై అరల కింద.
రొట్టె ఎప్పుడు పక్కన పెట్టానో గుర్తు లేదు.
అప్పుడు బరువైన గడియ ఒకటి కదిలింది.
చలిగాలి లోపలికొచ్చింది.
అది కూడా వినిపించింది.
మూడు గంటల రెండు నిమిషాలు.

ఆ రాత్రి అక్కడ ఏ కచేరీ ఆయన కోసం ఆగిందో,
ఆగకుండానే సాగిపోయిందో రాయలేదు.
రాద్దామన్నా మా ఫారంలో ఆ గడి లేదు.
పేరు, సీటు, బ్యాంకు ఖాతా.

"మంజూరు" అనడానికి మీట లేదు,
ఒక్కో అక్షరమే కొట్టుకోవాలి.
మా పై అధికారి ఇంగ్రీదా రెండుసార్లు అడిగింది, ఖాయమేనా అని.
ఇయర్‌ఫోన్ తీసి ఆమె చెవిలో పెట్టాను.

డబ్బు ముట్టాక చిన్న ఉత్తరం వచ్చింది, అదే నీలం సిరా:
అందింది, సంతోషం.
మీ ఎడమ ఇంజిను అర స్వరం కిందికి జారింది,
ఎవరికైనా చెప్పండి.

ఎవరికి చెప్పాలో తెలియక
మూడు రోజులుగా
బల్ల మీదే ఉంచుకున్నాను.