ఆరని గీత

చీమకుర్తిలో నా పని దిగడం.
పదహారేళ్ళుగా దిగుతూనే ఉన్నా
మెట్లు మెట్లుగా కోసిన గుంటలోకి,
డ్రిల్లు రాడ్డు భుజానేసుకుని.
ఒకప్పుడు అక్కడ కొండ ఉండేదంట.
మా మేస్త్రి చెయ్యెత్తి చూపిస్తాడు,
"అదుగో, అంత ఎత్తు" అని
గాల్లోకి.

డీజిలు బాకీల మీద కంప్రెషర్లు ఆగిన వారం
"మా ఊరు రా అన్నా, దుర్గం ఎక్కుదాం" అన్నాడు మొహిద్దీను.
ఉదయగిరిలో వాళ్ళమ్మ నర్ది కర్రతో గరిటెలు చెక్కుద్ది,
కాడల మీద దువ్వెన పళ్ళంత సన్నటి పనితనం.
ఆ కర్ర కోసం వాడు ఏడేళ్ళప్పటి నుంచి ఎక్కిన కొండ.
నేను ఇంతవరకూ ఏ కొండా ఎక్కలేదు.
నవ్వమాకండి.
రాయితో బతికేవాడికి
రాయి మీదికి పోయే పనేముంటుంది?

నాలుగింటికే బయల్దేరాం,
రెండు సీసాల నీళ్ళు, జొన్నరొట్టెలు, గోంగూర కారం.
కొంతదాకా మెట్లు, ఎవరో రాజులు వేయించినవి.
కోటగోడ కూలినచోట వాడు దారి వదిలేశాడు.
"మెట్ల మీద పోతే ఎక్కినట్టు కాదన్నా."

అలవాటు పోదు.
చెయ్యి ఆనిన చోటల్లా లెక్క కడతన్నా:
ఇక్కడ పదడుగుల బ్లాకు లేస్తుంది,
ఇక్కడ మేకు కొడితే ఇటు విడుద్ది,
ఇది ఓడెక్కదు, కంకరకే.
కొండంతటికీ మనసులో ధర రాసేసి
తలెత్తి చూస్తే
ఇంకా అంతే ఉంది.

పదింటప్పుడు తుంపర పడింది.
నున్నటి బండ, నిలువునా ఇరవై అడుగులు,
సగంలో నేను.
మొహిద్దీను పైనెక్కడో, మనిషి లేడు, గొంతొకటే:
"కదలమాక అన్నా, గాలి రానీ."
బల్లిలా అతుక్కున్నా, చెంప రాయికేసి.
లోపలెక్కడో కంప్రెషర్ నడుస్తున్నట్టుంది.
కాసేపటికి తెలిసింది,
నా గుండె.

గాలి వచ్చింది.

మా క్వారీలో బ్లాకు అమ్మే ముందు నీళ్ళు పోస్తాం.
కొనేవాడు గొడుగు కింద కుర్చీ వేసుకుని చూస్తాడు.
రాయంతా ఆరిపోయాక
వెంట్రుకంత గీత ఒకటి ఆరదు.
అది పగులు.
దానిమీద ఎర్ర రంగుతో ఇంటూ.
ఒక్క గీతకి లక్షలు పోతాయి,
ఆ పూట మేస్త్రి ఎవరితోనూ మాట్లాడడు,
టీ కూడా తాగడు.

బూడిద రంగుకి తిరిగిన బండ మీద
ఆరని గీత ఒకటి,
నా కుడిచేతికి జానెడు పైన.
ఇంకోటి ఎడంపక్క, మోకాలు దగ్గర.
ఇంకోటి.
వేళ్ళు దూర్చా.
పట్టింది.
ఏది కనపడితే పదహారేళ్ళు తల బాదుకున్నామో
దాంట్లోనే నా బరువంతా పెట్టి
ఇంకో కాలు పైకేశా.
ఎక్కడా తప్పు లేని రాయైతే
ఈపాటికి కింద కంపలో ఉండేవాణ్ణి.

పైన ఏముందంటే
ఏం చెప్పాలి, కూలిన గోడలు,
ఓ పాత మసీదు, మోకాలెత్తు బోదగడ్డి, తడి వాసన.
మొహిద్దీను కర్రముక్క ఒకటి ఏరి
వాసన చూసి పారేశాడు. "పురుగు పట్టింది."
రొట్టె తింటా, చీమకుర్తి ఎటు అనడిగా.
వాడు ఇటన్నాడు, మళ్ళీ అటన్నాడు.
ఎంత చూసినా ఏమీ లేదు.
కొండైతే దూరానికి కనపడేది,
గుంట కనపడదు.

దిగేటప్పుడు మెట్ల మీదే దిగాం.
వాళ్ళమ్మ ఒక గరిటె ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు.
మూడు రోజులు పిక్కలు పట్టేసి
బస్సు దిగటానికి కూడా ఒకళ్ళు చెయ్యివ్వాల్సి వచ్చింది.

సోమవారం కంప్రెషర్లు మొదలైనై.
నల్లటి బ్లాకు మీద బకెట్టు నీళ్ళు కుమ్మరించారు.
లోపలి చుక్కలు తళుక్కుమన్నై,
కొనేవాడు కళ్ళజోడు తుడుచుకున్నాడు.
అందరం ఊపిరి బిగబట్టి చూస్తన్నాం.
ఆరుతోంది, ఆరుతోంది,
మూల నుంచి మధ్యదాకా
ఒక్క గీత ఆరలేదు.
"అయ్యో" అన్నాడు మేస్త్రి.

జేబులో నా వేళ్ళు
వాటంతటవే వంగినై.