రెండు ముద్రలు

క్లైపెడా ఆసుపత్రి నేలమాళిగలో
నా ఫైర్‌వాల్ దగ్గర రెండు ముద్రలుంటాయి.

వచ్చే ప్రతి కవరూ అది విప్పుతుంది,
చదువుతుంది, మళ్ళీ అంటిస్తుంది.
పంపినవాడు పెద్దమనిషైతే మొదటి ముద్ర,
మేడమీది కంప్యూటర్లన్నీ కళ్ళు మూసుకుని నమ్మేది.
వాడి కాగితాల్లో ఏదైనా తేడా ఉంటే రెండోది,
ఎవరూ నమ్మకూడదనే చేయించిన ముద్ర.
ఈ తేడా దానికి నేర్పడానికి
నాకు రెండు వారాలు పట్టింది.
అంతకుముందు
దొంగ సరుక్కీ ఆ మంచి ముద్రే గుద్ది
పైకి పంపేది, పాపం, శ్రద్ధగా.

రాత్రి మూడుంబావు. ల్యాబ్ నుంచి వైదిలే:
"దౌమంతాస్, తెరంతా ఎర్రగా ఉంది.
ఏడో వార్డు ముసలాయన పొటాషియం రావడం లేదు."

చూశాను. దొంగ కాదు.
మిషను కంపెనీ వాళ్ళ సర్టిఫికెట్‌కి
అర్ధరాత్రితో గడువు తీరింది,
పాలప్యాకెట్‌కి తీరినట్టు.
బ్రెమెన్‌లో ఫోను మోగుతోంది, మోగుతూనే ఉంది.

మొదటి ముద్ర వెయ్యమంటే వేస్తుంది.
ఒక్క టిక్కు. ఎవరికీ తెలియదు.
రేపు నిజంగా దొంగే వచ్చినా తెలియదు.

నాలుగంతస్తుల మెట్లు ఎక్కాను.
మిషను మీది చిన్న తెరలో అంకె చూసి
వైదిలే కాగితం మీద రాసింది: 6.4
కింద తన సంతకం, పక్కన నాది, టైము.
అది పట్టుకుని ఏడో వార్డుకి పరిగెత్తింది,
చెప్పులు టపటపలాడుతూ.

నేను దిగొచ్చేసరికి
ఎరుపు అలాగే ఉంది.
పెట్టె వెచ్చగా ఉంది.
దాని వీపు మీద ఒకసారి తట్టాను,
ఇంటివాణ్ణి చూసి కూడా మొరిగిన
కుక్కని తట్టినట్టు.