ఒక్క మీట

యోంగ్సాన్ బజారు, మూడో అంతస్తు.
వానకి బేరాల్లేవు.
సెరిన్ చెవి ఒగ్గి
ఒక్కో స్విచ్చీ నొక్కి చూస్తోంది.
ఎర్రది మెత్తన, మాట దాచుకునే రకం.
నీలందానికి నోటిదురుసు,
నైట్‌డ్యూటీ చేసొచ్చిన అక్క నిద్ర చెడగొడుతుంది.
గోధుమరంగుది గోడమీది పిల్లి.

"రంగు లైట్లు పెట్టనా?" అన్నాడు తక్ ముసలాయన.
"వద్దు. ఎర్రవే బిగించండి.
స్పేస్‌బార్ కింద స్ప్రింగు మాత్రం
ఇంకా తేలికది కావాలి."

ఎందుకని అడగబోయి
ఆమె బొటనవేలు చూశాడు,
కమలాపళ్ళ ప్యాకింగ్ యంత్రం కొరికిన చోటు.

పట్టకారుతో పాతది పీకి,
కుంచెతో చుక్క నూనె అద్ది,
కొత్తది బిగించి ముందుకు తోశాడు.

నొక్కింది.
తెర లేదు, ఆట లేదు,
అయినా ఎవరో కందకం దాటినంత
చిన్న చప్పుడు.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ.
ధర అడగాలని
చాలాసేపటికి గుర్తొచ్చింది.