ఇరవై పది

మా ఇంటికి నూట అరవై రెండు మెట్లు.
కొండెక్కే లిఫ్టు ఆగస్టు నుంచీ పడకేసింది.
"త్వరలో" అని బోర్డు పెట్టారు,
ఆ బోర్డుకీ తుప్పు పట్టింది.
వల్పరైసోని ఫొటోల్లో చూసేవాళ్లకి
ఈ మెట్లంటే రంగులు.
నాకు మోకాళ్లు.

చంకలో మిలేనా, పది నెలలది.
భుజాన సంచీ, సంచీలో బంగాళాదుంపలు, రొట్టె.
రెండో చేతికి వేలాడుతూ బెనిసియో.
వాడికి నాలుగేళ్లు, మెట్లు లెక్కపెడతాడు.
ఇరవై తొమ్మిది దాకా తడుముకోడు.
ఆ తర్వాత ఇరవై పది.
ఇరవై పదకొండు.
అక్కడ నోరు తిరగక, మళ్లీ ఒకటి.

అందుకే మా కొండ ఎప్పటికీ పూర్తి కాదు.

దిగడం సులువే కదా అంటుంది మా అత్త, కింద బజారులో ఉంటుంది.
కోట్లు తొడిగాక, లేసులు కట్టాక, తాళం వేశాక,
సరిగ్గా నలభయ్యో మెట్టు మీద
"అమ్మా, ఒకటికి!"
ఎక్కాం. దిగాం.
ఈసారి మిలేనా కాలికి ఒక బూటే ఉంది.
రెండోదాని మీద గడ్డం ఆనించి
వీధికుక్క నిద్రపోతోంది, దొరలా.

మంగళవారం అరిచాను.
ఎందుకో చెబితే నవ్వుతారు: పాలు, ఉతికిన దుప్పటి.
అసలు సంగతి పాలు కాదు,
మూడు రాత్రుల నిద్ర బాకీ.
నా కేక రేకు గోడలు దాటి
మెట్టూ మెట్టూ దిగి
రేవు దాకా పోయే ఉంటుంది.
ఎదురింటి ఎలెయుతేరియో గారు
కిటికీ మెల్లగా మూశారు.
తిట్టినా బాగుండేది.
బాత్రూం గడియ పెట్టుకుని
పిల్లలకని దాచిన జున్నుముక్క మొత్తం తినేశాను.
తలుపు కిందినుంచి నాలుగు వేళ్లు లోపలికొచ్చాయి.
"అమ్మా, ఉన్నావా?"
ఉన్నానా అని
నేనూ కాసేపు ఆలోచించాను.

వాళ్ల నాన్న రేవులో క్రేను నడుపుతాడు, రాత్రి డ్యూటీ.
కిటికీలోంచి ఏడు క్రేన్ల దీపాలు కనిపిస్తాయి.
ఎందులో ఉన్నాడో మాకు తెలీదు.
బెనిసియో ఏడింటికీ వరసగా గుడ్ నైట్ చెబుతాడు,
ఒకటి తప్పితే మొదటికొస్తాడు.
మిలేనా కూడా చెయ్యి ఊపుతుంది,
గోడ వైపు.

గురువారం రాత్రి దాని ఒళ్లు కాలిపోయింది.
థర్మామీటరు ఒకటి చెప్పింది, నా చెంప ఇంకొకటి చెప్పింది.
తెల్లవార్లూ దాని ఊపిరి లెక్కపెట్టాను.
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది,
ఆ తర్వాత
నాకూ ఇరవై పదే వచ్చింది.
పొద్దున కళ్లు తెరిచి, నా ముక్కు పట్టి లాగి
ఏమీ జరగనట్టే నవ్వింది.
నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది.

శనివారం సంచీ పిగిలింది.
నూటో మెట్టు నుంచి బంగాళాదుంపలు
బడి వదిలిన పిల్లల్లా కిందికి దూకాయి.
వెనక కుక్కలు.
గ్యాసు బండలు మోసే కుర్రాడు
ఒకదాన్ని కాలితో ఆపి, గురి చూసి తన్నాడు.
"గోల్!" అని బెనిసియో గంతేశాడు.
నేను మెట్టు మీద కూలబడి
కడుపు పట్టుకుని నవ్వాను, ఎన్నాళ్లకో.
పోయినవి పధ్నాలుగు, తిరిగొచ్చినవి పదకొండు.
అందులో ఒకటి నిమ్మకాయ.

నిన్న సాయంత్రం పొగమంచు.
కింద ఓడ ఎక్కడో బూరా ఊదుతోంది.
వాడు ఎక్కుతున్నాడు, నా చెయ్యి పట్టుకుని.
ఇరవై ఎనిమిది.
ఇరవై తొమ్మిది.
ముప్ఫై.

ఆగను కూడా ఆగలేదు.
ఎవరు నేర్పారురా అంటే "బడిలో" అన్నాడు,
ముప్ఫై ఒకటంటూ నా చెయ్యి వదిలేశాడు.

సంచీ దించి అక్కడే కూర్చున్నాను.
రొట్టె కొస తుంచి మిలేనా నోట్లో పెట్టాను.
మంచులో వాడు కనబడటం లేదు, అంకెలే వినబడుతున్నాయి.
అరవై. అరవై ఒకటి.
తర్వాత అవీ లేవు.
ఇరవై పది ఇక ఎవరంటారు?
మిలేనాకి మాటలొచ్చే దాకా ఆగాలి కాబోలు,
అదైనా తప్పుగా నేర్చుకుంటే.

పైనుంచి కేక:
"అమ్మా, తాళం! తొందరగా!
ఒకటికి!"