రాత్రి రెండింటి గుడ్లు

పాత ఫైల్లో రెయినో సారెలా గురించి
ఎర్ర సిరాతో ఒకే మాట: "రాత్రిళ్ళు తిరుగుతాడు."
దానికో మాత్ర.
ఆ మత్తుకి మధ్యాహ్నం దాకా తూలేవాడు.
తూలితే పడతాడని కుర్చీకో బెల్టు.
బెల్టు కట్టారని కోపం. ఆ కోపానికి ఇంకో మాత్ర.

ఇంత రాత్రివేళ ఎక్కడికి బయల్దేరావయ్యా అని
ఎవరూ అడగలేదు.

నేను చేరిన వారం, మార్చి నెల,
సుపీరియర్ సరస్సు మీద మంచు పెళపెళా విరుగుతోంది.
అడిగాను.
పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.
"డ్యూటీకి."

ముప్పై ఎనిమిదేళ్ళు ఇనపరాయి రేవులో రాత్రి షిఫ్టు.
ఓడ పొట్టలోకి రాయి దొర్లే చప్పుడుకి
ఒక చెవి ఎప్పుడో అప్పజెప్పేశాడు,
మిగిలిన చెవితో మమ్మల్ని వింటున్నాడు.
రెండింటికి టిఫిన్ డబ్బా మూత తీసే వేళ.
గుడ్లు వేయించాను.

అప్పటికి పొడుగాటి వరండా పోయింది.
గోడలు కొట్టించి పన్నెండు గదుల మధ్య
ఒక వంటిల్లు పెట్టారు.
మందుల బండి గడగడలు లేవు;
ఎవరి మందులు వాళ్ళ గదిలోనే,
తాళం వేసిన చిన్న అలమారలో.

ఏడో గది ఒడీల్ పెల్కీ తలుపుకి ఇత్తడి గంట.
మోగించకుండా లోపలికొస్తే, డాక్టరైనా సరే,
బయటికెళ్ళి మోగించి మళ్ళీ రావాలి.
పోస్టాఫీసు కిటికీ వెనక జీవితమంతా కూర్చున్న మనిషి,
వరస తప్పితే ఒప్పుకోదు.
మంగళవారం పొద్దున్న స్నానం అని కాగితంలో ఉందంటే
"అయితే ఆ కాగితానికే చేయించండి" అంది.
ఇప్పుడు ఆమె స్నానం ఆమెకి బుద్ధి పుట్టినప్పుడు.

రెయినో తిన్నాక కిటికీ దగ్గర నిలబడి
రేవు దీపాలు లెక్కపెడతాడు.
ఒకటి తక్కువైతే నాకు రిపోర్టు.
రాసుకుంటాను.
ఎవరికివ్వాలో తెలీదు గానీ రాసుకుంటాను.
అయిదింటికి, నాకంటే ముందే, డ్యూటీ దిగి పడుకుంటాడు.
మాత్ర లేకుండా.

అన్నీ కుదిరాయని కాదు.
ఇద్దరం ఉండాల్సిన రాత్రి ఒక్కదాన్నే ఉంటే,
నాలుగు గదులు ఒకేసారి పిలిస్తే,
ఇల్లు అన్న మాట నోట్లో ఇసకలా తగులుతుంది.
ఒకసారి గుడ్లు మాడ్చాను. ఇంకోసారి
ఒడీల్ గంట మరిచి తలుపు తోశాను.
మూడు రోజులు నాతో మాట్లాడలేదు,
నాలుగో రోజు గంటని తనే తుడిచి మెరిపించింది,
నాకు కనబడాలని.

తర్వాత ఉప్పు గొడవ.
గుండెకి మంచిది కాదని డాక్టరు ఉప్పు మాన్పించాడు.
చప్పటి గుడ్డు ముందు రెయినో ఫోర్కు పక్కన పెట్టి
చేతులు కట్టుకున్నాడు.
రేవు కూలీల సమ్మె ఎలా ఉంటుందో
ఆ మూడు రాత్రులూ చూశాను.

చివరికి అందరం వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాం,
డాక్టరు, పెద్ద నర్సు, ఫోన్లో మేనకోడలు, నేను.
బల్ల తలవైపు కుర్చీ రెయినోది.
డాక్టరు గుండె బొమ్మ గీసి చూపించాడు.
రెయినో ఓపిగ్గా విని, బొమ్మ బాగుందన్నాడు.
"ఎనభై తొమ్మిదేళ్ళు నాకు.
నన్ను దాచిపెట్టి ఎవరికిస్తారు?"
మేనకోడలు ఫోన్లో నవ్విందో ఏడ్చిందో తెలీలేదు.

తెలిసే తింటున్నానని రాసిన కాగితం తెచ్చారు.
సంతకం పక్కన తేదీ వెయ్యమంటే
తేదీ వదిలేసి టైము వేశాడు:
రాత్రి 2.10.
బయట మిట్టమధ్యాహ్నం, బల్ల మీద ఎండ.
ఎవరూ దిద్దలేదు.

ఆ రాత్రి ఫైల్లో ఎర్ర సిరా కొట్టేసి
నా నీలం పెన్నుతో రాశాను:
"రాత్రి డ్యూటీ. గుడ్లు రెండు.
ఉప్పు చిటికెడు, ఆయన వేళ్ళతో."

ఆ వేళ్ళు చాలా లావు.