గోళ్ళరంగు గీత

నస్తాసియా నీళ్ళసీసాని
కోటు లోపల, చంక కింద దాచుకొచ్చేది.
బయట పట్టుకొస్తే
రన్‌వే దాటేలోపే రాయైపోతుంది మరి.

ఆ ఉదయం మైనస్ ముప్ఫై.
కుస్కోక్విమ్ నది నోరు కట్టేసుకుని పడుంది.
మేం అయిదుగురం, మెడలో బూట్లు వేలాడేసుకుని
విమానం రెక్క కింద గెంతుతున్నాం.
కిందూరి వాళ్ళతో బాస్కెట్‌బాల్ ఫైనల్, సాయంత్రం ఆరింటికి.
నా చొక్కా మీద పదకొండు.

డ్రమ్ము ఎండాకాలం పడవలో వచ్చింది.
మూతకి సీలుంది, కాగితం మీద సంతకముంది.
"సంతకంతో ఇంజను తిరగదు," అంది.

పొడుగాటి గాజుగొట్టం.
దాని మీద కూతురి గోళ్ళరంగుతో గీసిన ఎర్రగీత.
గీతదాకా నీళ్ళు,
ఆ పైన పెట్రోలు.
బిరడా బిగించి ఊపింది.
సీలుతోలు తొడుగులో నిలువుగా పట్టుకుని
ఇక మాట్లాడలేదు.
పైలట్ ఎవాన్ గడియారం చూశాడు, ఆకాశం చూశాడు,
మమ్మల్ని మాత్రం చూడలేదు.

తేరుకుంది.
నీళ్ళ అంచు ఎర్రగీత దగ్గర ఆగాలి.
ఆగలేదు.
వేలెడు పైకొచ్చింది.

ఎవరూ పొయ్యని నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయన్నాను.
"నీళ్ళు కాదురా, సారా.
పెట్రోల్లో నక్కి వచ్చి
నీళ్ళు కనబడగానే చుట్టరికం కలుపుకుంది."

మా ఊళ్ళో మద్యం నిషేధం.
విమానం దిగిన ప్రతి సంచీ వెతుకుతారు,
పెళ్ళి చెయ్యడానికొచ్చిన పాద్రీ సంచీతో సహా.
ఇదేమో డ్రమ్ములో కూచుని
ఎంత దర్జాగా దిగిందో!
ఎవాన్ నవ్వబోయి ఆగాడు.
మూడువేల అడుగుల ఎత్తున
ఆ చుట్టాలిద్దరూ చేతులు పట్టుకుని అడుక్కి దిగితే
గొట్టంలో ఒక్క మంచుపలుకు చాలు.

ఆ పెట్రోలే స్నోమొబైళ్ళలో పోశారు.
వాటికి పట్టింపు లేదు, నేల వదలవు కనక.
నది మీద నాలుగు గంటలు,
కనురెప్పలు అతుక్కుపోతూ.
మేం చేరేసరికి వాళ్ళు రెండోసారి భోంచేస్తున్నారు.
మొద్దుబారిన కాళ్ళతో మూడు పాయింట్లకి ఓడిపోయాం.

నెల్లాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు నేను.

ఇప్పుడు ఆ షెడ్డు తాళంచెవి నా దగ్గరుంది.
గీత చెరిగినప్పుడల్లా
మా అమ్మాయిని గోళ్ళరంగు అడుగుతాను.
పోయిన్నెల నీలం ఇచ్చింది.
చంకలో సీసా చల్లగా గుచ్చుకుంటూంటుంది.
రెక్క కింద పిల్లలు గెంతుతూంటారు,
నన్ను తిట్టుకోడానికి సిద్ధంగా.